బ్లాక్‌చెయిన్ ట్రేసింగ్ నివేదిక: కోర్టు గుమ్మం దాకా వచ్చి ఆగిన సేవ

వర్చువల్ కరెన్సీ రూపంలో పోయిన సొమ్ము ఏయే చిరునామాల మీదుగా ఎక్కడికి చేరిందో బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఆ లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ లెడ్జర్‌లో, వెతికి నివేదిక ఇచ్చే ఒక ప్రైవేటు సంస్థ సేవను నా కక్షిదారు ఒకరి తరఫున తీసుకున్నాను. కేసు ఇంకా విచారణకు రాలేదు కనుక సంస్థ పేరు, కక్షిదారు వివరాలు, పోలీసు స్టేషను పేరు ఏవీ ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి నివేదికలు వేరే సంస్థలు తయారు చేసినవి మరో రెండు నా బల్ల మీదికి వచ్చాయి. వాటి మూస కూడా దాదాపు ఇదే కనుక, ఒక క్రిమినల్ న్యాయవాది కంటితో ఈ సేవ ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రాస్తే, ఇదే దారిలో నడవబోయే బాధితులకూ తోటి న్యాయవాదులకూ ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

ముందు కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. నా కక్షిదారు పదవీ విరమణ చేసిన ఉద్యోగి. టెలిగ్రామ్ గ్రూపులో పరిచయమైన వ్యక్తి చూపించిన నకిలీ ట్రేడింగ్ యాప్‌ను నమ్మి, మన దేశంలోని ఒక క్రిప్టో ఎక్స్‌ఛేంజీలో రూపాయలు చెల్లించి యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన వర్చువల్ నాణెం) కొని, వాళ్లు ఇచ్చిన చిరునామాలకు పదకొండు విడతలుగా పంపారు. యాప్‌లో లాభం అంకెలు రోజూ పెరిగాయి. సొమ్ము వెనక్కి అడిగిన రోజున ముందుగా పన్ను కట్టాలన్నారు. అప్పటికి గానీ ఆయనకు అనుమానం రాలేదు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశారు, ఎఫ్‌ఐఆర్ నమోదైంది. దర్యాప్తు అధికారి ఏమీ దాచకుండానే చెప్పారు: "లాయర్ గారూ, బ్యాంకు ఖాతాలోకి వెళ్లి ఉంటే ఈపాటికి హోల్డ్ పెట్టించేవాళ్లం. ఇది చెయిన్ మీద పోయింది, మా దగ్గర ఆ టూల్ లేదు."

ఆయన మాటలో నిజముంది. రూపాయలు బ్యాంకులో ఆగితే తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పద్ధతి ఇప్పటికే నడుస్తోంది. సొమ్ము ఏ ఖాతాలో ఉందో, అది ఎవరి పేరున ఉందో బ్యాంకు చెబుతుంది, ఆదేశం వస్తే బదిలీ కూడా చేస్తుంది. యూఎస్‌డీటీ నడిచే బ్లాక్‌చెయిన్లలో ఒకటైన ట్రాన్ మీద 'టి' అక్షరంతో మొదలయ్యే ముప్పై నాలుగు అక్షరాల చిరునామాకు అలా జవాబు చెప్పే మేనేజరు ఎవరూ ఉండరు. అందుకే కక్షిదారు సొంత ఖర్చుతో ఈ సేవను ఆశ్రయించవలసి వచ్చింది.

నివేదిక చెప్పిన సమయానికే, నాలుగు రోజుల్లో వచ్చింది. రంగుల పటాలతో కలిపి నలభై రెండు పేజీలు. అందులో ట్రేసింగ్ భాగం నిజంగా బాగుంది, ఆ మాట మొదటే చెప్పాలి. పదకొండు విడతల్లో తొమ్మిది విడతలు గంటల వ్యవధిలోనే ఒకే చిరునామాలో కలిశాయనీ, అక్కడి నుంచి ముక్కలై మధ్యలో ఉన్న చిరునామాలను దాటి వెళ్లాయనీ, అందులో ఎక్కువ భాగం ఒక విదేశీ ఎక్స్‌ఛేంజీ డిపాజిట్ చిరునామాకు చేరిందనీ, మిగిలింది నాణేలను ఒక చెయిన్ నుంచి మరో చెయిన్‌కు మార్చే సేవలోకి పోయిందనీ, ప్రతి లావాదేవీ సంఖ్యతో, తేదీతో, సమయంతో చూపించారు. ట్రాన్ లావాదేవీలను ఎవరికైనా ఉచితంగా చూపించే ట్రాన్‌స్కాన్ వెబ్‌సైట్‌లో ఒక ఆదివారమంతా కూర్చుని నేనే ఒక్కొక్క సంఖ్యనూ సరిచూశాను. ఒక్కటి కూడా తప్పలేదు.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది మూడో పేజీలోని ఒకే ఒక్క వాక్యం. మధ్యలోని ఒక చిరునామాలో కొంత యూఎస్‌డీటీ ఇంకా కదలకుండా ఉందని వాళ్లు గుర్తించి రాశారు. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్ సంస్థకు ఏదైనా చిరునామాలోని నాణేలను కదలకుండా స్తంభింపజేసే సాంకేతిక అధికారం ఉంది. బిట్‌కాయిన్‌లో ఆ వీలు లేదు, ఎందుకంటే దాన్ని జారీ చేసే సంస్థ అంటూ ఏదీ లేదు. ఆ పేజీని పట్టుకుని దర్యాప్తు అధికారి అదే రోజు లేఖ పంపారు, కొద్ది రోజుల్లో ఆ మొత్తం ఆగింది. పోయిన దానిలో అది చిన్న భాగమే అయినా, నివేదిక కోసం పెట్టిన ఖర్చుకు అది సరిపోయింది. అంటే నేరం జరిగిన తొలి రోజుల్లో, సొమ్ము ఇంకా దారిలో ఉండగా, ఈ సేవకు విలువ ఉంది. ఆ తరువాతి దశలోనే నాకు తల నొప్పి మొదలైంది.

నేర విచారణలో రుజువు చేయవలసింది నాణెం ఎటు వెళ్లిందన్నది ఒక్కటే కాదు. ఆ చిరునామా వెనుక ఉన్న మనిషి ఎవరు, అతనికి మోసం చేయాలన్న ఉద్దేశం ఉందా, నా కక్షిదారును మాటలతో నమ్మించినవాడూ ఆ చిరునామా తాళంచెవి (అక్కడి నాణేలను కదిలించే రహస్య సంకేతం) గలవాడూ ఒకే ముఠావారా అన్నవి ప్రాసిక్యూషన్ నెత్తిన ఉండే బరువులు. నివేదికలో ఇందుకు సంబంధించిన భాగం పేరు 'యాజమాన్య విశ్లేషణ'. పదిహేడు చిరునామాలు ఒకే 'క్లస్టర్' కిందికి వస్తాయనీ, వాటిని ఒకే వ్యక్తి లేదా బృందం నడుపుతోందనీ, ఆ నిర్ధారణకు 'అధిక విశ్వాస స్థాయి' ఉందనీ రాశారు. ఎందువల్ల అన్నదానికి మాత్రం ఒక్క పేరా కూడా లేదు.

ఇక్కడ కొంచెం ఆగి వివరించాలి, ఎందుకంటే రేపు కోర్టులో ముద్దాయి తరఫు న్యాయవాది పట్టుకునేది సరిగ్గా ఈ చోటే. బిట్‌కాయిన్‌లో ఒకే లావాదేవీలోకి అనేక పాత నిల్వలను కలిపి ఖర్చు చేయవచ్చు. అలా కలపాలంటే వాటన్నిటి తాళంచెవులూ ఒకరి దగ్గరే ఉండాలన్న ఊహ మీద, ఆ చిరునామాలన్నీ ఒకరివేనని లెక్క కడతారు. ఆ ఊహకు కూడా మినహాయింపులున్నాయి, పలువురి నాణేలను కావాలనే కలిపేసే సేవలు ఉన్నాయి. ట్రాన్ లెక్కల పద్ధతి వేరు. అక్కడ ఒక్కో చిరునామా బ్యాంకు ఖాతా లాగా నిల్వ చూపిస్తుంది, ఒక సాధారణ బదిలీలో పంపే చిరునామా ఒక్కటే ఉంటుంది. కనుక బిట్‌కాయిన్‌కు పనికొచ్చే ఆ ఊహ ఇక్కడ వర్తించదు. సమయాలు, మొత్తాలు, ఫీజు ఎవరు కట్టారన్నది వంటి వేరే ఆనవాళ్లతో సంబంధం చూపించాలి. బహుశా సంస్థ అలాగే చేసి ఉండవచ్చు, కానీ ఆ సంగతి రాయలేదు. నేను ఫోన్‌లో అడిగితే, "అది మా సాఫ్ట్‌వేర్ రహస్యం సార్" అన్నారు. మన సాక్ష్య చట్టం ప్రకారం నిపుణుడి అభిప్రాయానికి బలం ఇచ్చేది అతడు చూపే కారణాలే. కారణం రహస్యమైతే అభిప్రాయం ఉత్త మాటగా మిగులుతుంది.

అమెరికాలో ఇదే చర్చ నిండు కోర్టులో జరిగింది. బిట్‌కాయిన్ ఫాగ్ అనే మిక్సింగ్ సేవను, అంటే పలువురి నాణేలను కలిపేసే సేవను, నడిపాడన్న ఆరోపణ మీద రోమన్ స్టెర్లింగోవ్ అనే వ్యక్తిపై వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టులో విచారణ జరిగినప్పుడు, చెయినాలిసిస్ సంస్థ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన క్లస్టరింగ్ ఫలితం శాస్త్రీయంగా నమ్మదగినదేనా, దాని తప్పుల శాతం ఎంత అని డిఫెన్స్ గట్టిగా నిలదీసింది. న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని అనుమతించారు, 2024 మార్చిలో జ్యూరీ దోషిగా తేల్చింది. అయితే అక్కడ ప్రాసిక్యూషన్ ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడలేదు. వేరే సాక్ష్యాలూ దాని పక్కన నిలబడ్డాయి, విశ్లేషకులు బోనెక్కి ప్రశ్నలకు జవాబులు చెప్పారు. మా నివేదిక చివరి పేజీలో ఎంత చిన్న అక్షరాల్లో రాశారంటే కళ్లద్దాలు మార్చుకుని చదవాల్సి వచ్చింది: ఈ నివేదిక సమాచార నిమిత్తం మాత్రమే, న్యాయస్థాన వినియోగానికి సంస్థ బాధ్యత వహించదు. సాక్ష్యం చెప్పేందుకు విశ్లేషకుడు రావాలంటే వేరే ఫీజు, అదీ వీడియో ద్వారా మాత్రమేనట. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 530వ సెక్షన్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో విచారణకు అవకాశం ఇస్తోంది కనుక వీడియోతో నాకు ఇబ్బంది లేదు. కానీ కోర్టు కోసమే అని చెప్పి అమ్మిన సేవకు ఈ చిన్న అక్షరాల షరతు ఏమిటి? ప్రభుత్వ ల్యాబ్ నిపుణుల నివేదికలకు అదే సంహిత 329వ సెక్షన్ కింద ఉన్న వెసులుబాటు ప్రైవేటు సంస్థకు లేదు. వాళ్ల మనిషి బోనెక్కి తీరాలి. లేకపోతే ఆ నలభై రెండు పేజీలు ఫైలులో బరువు పెంచడానికే.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఈ సేవ మీద నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020 జులైలో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది. అప్పుడు అది పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, సర్టిఫికెట్ నిబంధన 63వ సెక్షన్‌కు మారింది. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి: మొదటిది రికార్డును సమర్పించే పక్షం నింపేది, రెండోది నిపుణుడు నింపేది. ఏ పరికరం నుంచి తీశారు, ఏ హ్యాష్ విలువ (ఫైలు మారిందో లేదో తేల్చే సంకేతం) వచ్చింది, దాన్ని ఏ అల్గారిథంతో లెక్కించారు అన్నవి రాయాలి. ఎఫ్‌ఐఆర్ ఆ తేదీ తరువాత నమోదైన కేసుకు ఈ సంస్థ పంపిన సర్టిఫికెట్ 65బి పేరుతో, ఒకే భాగంతో, హ్యాష్ విలువ లేకుండా, కంపెనీ ముద్రతో మాత్రం దర్జాగా వచ్చింది. రద్దయిన చట్టం కింద ఇచ్చిన కాగితాన్ని కోర్టులో పెడితే నా వెనక బెంచీలో ఉన్న జూనియర్లు కూడా నవ్వుతారు.

ఇందులో నిజమైన న్యాయ చిక్కు ఒకటి ఉంది, దాన్ని సంస్థ గుర్తించినట్టే లేదు. సర్టిఫికెట్ మీద సంతకం చేయవలసింది ఆ కంప్యూటర్‌కు గానీ, సంబంధిత పనికి గానీ బాధ్యత వహించే వ్యక్తి. బ్లాక్‌చెయిన్ వేల కంప్యూటర్లలో ఒకేసారి ఉండే లెడ్జర్. దానికి బాధ్యుడు ఎవరు? నేను అనుసరించదలచిన దారి ఇది: కొత్త అధినియం 57వ సెక్షన్ వివరణల ప్రకారం, ఒక ఎలక్ట్రానిక్ రికార్డు ఒకేసారి పలు ఫైళ్లలో నిల్వ అయితే ప్రతి ఫైలూ ప్రాథమిక సాక్ష్యమే. బ్లాక్‌చెయిన్ స్వభావానికి ఆ వివరణ చక్కగా అతుకుతుంది. నోడ్ (లెడ్జర్ ప్రతి ఉన్న కంప్యూటర్) నుంచి గానీ ట్రాన్‌స్కాన్ లాంటి ఎక్స్‌ప్లోరర్ నుంచి గానీ దించుకున్న రికార్డుకు, ఆ దించుకున్న కంప్యూటర్‌ను నడిపిన విశ్లేషకుడు సర్టిఫికెట్ ఇవ్వవచ్చన్నది నా వాదన. దీనిమీద రేపు ఎదుటి పక్షం ఏమంటుందో చూడాలి. కానీ ఆ వాదనకు కావలసిన ముడిసరుకు, అంటే ఎప్పుడు, ఏ నోడ్ నుంచి, ఏ యంత్రంలోకి దించారన్న రికార్డు, నివేదికలో ఉండాలి కదా. రెండుసార్లు ఈమెయిల్ రాసి, మూడోసారి ఫోన్‌లో గొంతు పెంచాక గానీ ఆ వివరాలు రాలేదు.

నివేదిక చివర 'చట్టపరమైన అనుబంధం' అని ఆరు పేజీలు పెట్టారు. వాటిలో నాలుగు పేజీలు అమెరికా చట్టాలు. మిగిలిన రెండింటిలో, వర్చువల్ కరెన్సీ వ్యాపారులకు సేవలు అందించవద్దని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన 2018 ఏప్రిల్ 6 నాటి సర్క్యులర్ ఇంకా అమలులో ఉన్నట్టు రాశారు. దాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. ఈ ఒక్క వాక్యాన్ని చదివి వినిపిస్తే చాలు, నివేదిక మొత్తం విశ్వసనీయత మీద మేజిస్ట్రేటు గారికి అనుమానం వస్తుంది. దాన్ని తీసేయమని చెప్పాను, తీసేశారు.

అనుబంధంలో ఉండవలసిన అసలు ప్రశ్న ఒక్కటీ లేదు: వర్చువల్ నాణెం మన నేర చట్టం కింద 'ఆస్తి' అవుతుందా? పాత శిక్షాస్మృతి 22వ సెక్షన్ చరాస్తిని నిర్వచిస్తూ చేతితో పట్టుకోగల భౌతిక ఆస్తి అనే మాట వాడింది. దొంగతనం వంటి నేరాలకు ఆ నిర్వచనమే ఆధారం కనుక, కంటికి కనబడని నాణెం దానిలోకి ఎలా వస్తుందని డిఫెన్స్ అడగడానికి చోటు ఉండేది. ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2వ సెక్షన్‌లో ఆ 'భౌతిక' అన్న మాట లేదు, భూమీ దానికి అంటుకున్నవీ తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తే. ఒక్క విశేషణం తీసేయడం వల్ల ఎంత తేడా వచ్చిందో చూడండి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది కనుక, ఒకే ముఠా జూన్‌లో చేసిన మోసానికీ జులైలో చేసిన మోసానికీ వాదన వేరేగా నడుస్తుంది. నా కక్షిదారు చెల్లింపులన్నీ ఆ తేదీ తరువాతివి కావడం మాకు కలిసొచ్చింది. మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో, వాజిర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్‌ఛేంజీ వేదికపై ఒక ఖాతాదారుకు ఉన్న ఎక్స్‌ఆర్‌పీ నాణేల వ్యవహారంలో, క్రిప్టో కరెన్సీ ఆస్తేనని, దాన్ని ట్రస్టుగా కలిగి ఉండవచ్చని చెప్పింది. అది సివిల్ వివాదమే అయినా, క్రిమినల్ కోర్టులో చెప్పుకోవడానికి మంచి ఆధారం. ఆదాయపు పన్ను చట్టంలోకి 2022 నుంచి 'వర్చువల్ డిజిటల్ అసెట్' నిర్వచనమూ, లాభం మీద 30 శాతం పన్నూ వచ్చాయి. కానీ పన్ను వేసినంత మాత్రాన నేర చట్టంలోని సందేహాలన్నీ తీరవు.

ఇదే కోవలో మరొకటి. మన దగ్గర గొలుసు పథకాల బాధితులకు ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టమూ, 2019 నాటి కేంద్ర చట్టమూ పెద్ద ఆసరా. కేంద్ర చట్టంలో డిపాజిట్ అంటే స్వీకరించిన 'డబ్బు మొత్తం'. పథకంలో చేరినవాడు రూపాయలకు బదులు బిట్‌కాయిన్ ఇస్తే అది డబ్బేనా? ఈ చిక్కును దాటాలంటే రూపాయలు నాణేలుగా మారిన క్షణం నుంచే లెక్క చూపించాలి. అంటే ట్రేసింగ్ మొదలు కావలసింది చెయిన్ మీద కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర. మా నివేదిక చెయిన్ మీద మొదటి బదిలీ నుంచి మొదలైంది. కక్షిదారు ఎక్స్‌ఛేంజీలో రూపాయలిచ్చి కొన్న రికార్డును దానికి నేనే జతచేయవలసి వచ్చింది.

విలువ లెక్కలోనూ అలాంటి పొరపాటే చేశారు. నష్టాన్ని నివేదిక తయారైన నాటి బ్యాంకు డాలరు రేటుతో రూపాయల్లోకి మార్చారు. మన దేశంలో యూఎస్‌డీటీ కొనేవాళ్లు సాధారణంగా బ్యాంకు రేటు కన్నా కొంచెం ఎక్కువే చెల్లిస్తారు. నా కక్షిదారు కూడా అలాగే చెల్లించారు. ఫిర్యాదులోని అంకె ఒకటి, నివేదికలోని అంకె మరొకటి అయితే అడ్డపరీక్షలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఇక బిట్‌కాయిన్ అయితే పోయిన నాటి ధరా, జప్తు నాటి ధరా, తీర్పు నాటి ధరా మూడూ మూడు రకాలుగా ఉంటాయి.

సొమ్ము చేరిన విదేశీ ఎక్స్‌ఛేంజీ పేరు చెప్పడం వరకు సంస్థ పని చక్కగా చేసింది. ఆ తరువాత ఏమి చేయాలో చెప్పి ఉంటే బాగుండేది. డిపాజిట్ చిరునామా ఏ ఖాతాకు కేటాయించారు, ఆ ఖాతాకు ఇచ్చిన గుర్తింపు పత్రాలు ఏవి, ఏ ఐపీ చిరునామాల నుంచి లాగిన్ అయ్యారు, నాణేలు ఎక్కడికి తీశారు అన్నవి ఆ ఎక్స్‌ఛేంజీ మాత్రమే చెప్పగలదు, అదీ పోలీసు అడిగితేనే, ప్రైవేటు న్యాయవాది అడిగితే కాదు. 2023 మార్చి 7న వర్చువల్ ఆస్తుల సేవలందించేవారిని మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. అదే ఏడాది డిసెంబరులో ఆర్థిక నిఘా విభాగం నమోదు కాని తొమ్మిది విదేశీ ఎక్స్‌ఛేంజీలకు నోటీసులిచ్చింది. వాటిలో ఒకటైన బైనాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది. ఫలితంగా ఇక్కడ నమోదైన ఎక్స్‌ఛేంజీ అయితే దర్యాప్తు అధికారి నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద నేరుగా అడగవచ్చు, జవాబు వస్తుందన్న ఆశ ఉంటుంది. నమోదు కానిదైతే 112వ సెక్షన్ కింద కోర్టు ద్వారా విదేశానికి అభ్యర్థన లేఖ పంపాలి, దానికి నెలలూ సంవత్సరాలూ పడుతుంది. ఈ ఎక్స్‌ఛేంజీ ఏ జాబితాలోదో ఒక్క వాక్యంలో రాసి ఉంటే దర్యాప్తు అధికారికి రెండు వారాలు మిగిలేవి. పైగా "అధికార పరిధి అస్పష్టం" అని ఒక చోట రాసి అనవసరంగా భయపెట్టారు. మోసపు మాటలు ఎలక్ట్రానిక్ సందేశాల ద్వారా వచ్చినప్పుడు వాటిని పంపిన చోటైనా, అందుకున్న చోటైనా కేసు విచారించవచ్చని 202వ సెక్షన్ సూటిగానే చెబుతోంది. సందేశాలు వచ్చిన ఫోన్ మా ఊళ్లోనే ఉంది.

జప్తు గురించి నివేదికలో ఏమీ లేదు. అది వాళ్ల పని కాదనవచ్చు. కానీ వాళ్ల ప్రకటనలో 'రికవరీ సాయం' అన్న మాట ఉంది కనుక అడుగుతున్నాను. బంగారం పట్టుకుంటే పంచనామా రాసి సీలు వేసి మాల్‌ఖానాలో పెడతారు. నాణేల తాళంచెవులను దాచే వాలెట్ యాప్ ఉన్న ఫోన్‌ను అలాగే సీలు వేసి పెడితే, దాని పన్నెండు లేదా ఇరవై నాలుగు మాటల రికవరీ వాక్యం తెలిసిన ముఠా సభ్యుడు ఇంకెక్కడి నుంచో నాణేలను తీసుకుపోతాడు, సీలు మాత్రం చెక్కుచెదరదు. అందుకని నాణేలను వెంటనే దర్యాప్తు సంస్థ అధీనంలోని వాలెట్‌కు బదిలీ చేయాలి, నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం ఆ తతంగమంతా వీడియో తీయాలి. అప్పుడు కొత్త వాలెట్ తాళం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న పుడుతుంది. బిట్‌కాయిన్ పెట్టుబడి పేరుతో జరిగిన గెయిన్‌బిట్‌కాయిన్ మోసం కేసు దర్యాప్తులో పుణె పోలీసులకు సాయం చేసిన ఇద్దరు సైబర్ నిపుణులనే, నిందితుల క్రిప్టో నాణేలను దారి మళ్లించారన్న ఆరోపణపై 2022లో అదే పోలీసులు అరెస్టు చేశారు. గుజరాత్‌లో ఒక వ్యాపారిని బంధించి బిట్‌కాయిన్లు గుంజిన 2018 నాటి కేసులో పోలీసులు, ఒక మాజీ ఎమ్మెల్యే సహా పద్నాలుగు మందికి 2025 ఆగస్టులో అహ్మదాబాద్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ప్రైవేటు నిపుణుడి చేతికి తాళం ఇచ్చే ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచిస్తారు.

నిందితుడే తాళం చెప్పకపోతే? అదే గెయిన్‌బిట్‌కాయిన్ వ్యవహారంలో వాలెట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఈడీకి ఇవ్వాలని 2022 మార్చిలో సుప్రీంకోర్టు నిందితుణ్ణి ఆదేశించింది. మరోవైపు తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఏ నిందితుణ్ణీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణ మూడో ఖండం చెబుతోంది. వేలిముద్ర ఇవ్వడం అలాంటి సాక్ష్యం కాదని 1961లో కాతీ కాలూ ఓఘడ్ కేసులో తేలింది. మెదడులో ఉన్న పన్నెండు మాటలు వేలిముద్ర లాంటివా, వాంగ్మూలం లాంటివా అన్నది ఇంకా కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

సేవ విషయానికి తిరిగి వస్తే, ఫోన్ ఎత్తేవాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, తెలుగులో మాట్లాడేవాళ్లు కూడా ఉన్నారు. బిల్లులో జీఎస్టీ సరిగా వేశారు. పోయిన సొమ్ములో వాటా అడగలేదు. ఈ చివరి మాటను ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది: ముందుగా కొంత శాతం కడితే మీ నాణేలు వెనక్కి తెస్తామని బాధితులకు ఫోన్లు చేసే మరో రకం మనుషులు ఉన్నారు, వాళ్లు రెండో విడత మోసగాళ్లు. చెయిన్ మీద పూర్తయిన బదిలీని వెనక్కి తిప్పే శక్తి ఇలాంటి ఏ రికవరీ సంస్థకూ లేదు.

పోయిన సొమ్ము రూపాయల రూపంలోనే బ్యాంకు ఖాతాలకు వెళ్లి ఉంటే ఈ సేవ అవసరం లేదు, 1930 చాలు. నాణేలుగా వెళ్లి, పోయి కొద్ది రోజులే అయి, మొత్తం పెద్దదైతే తీసుకోవచ్చు. తీసుకునే ముందే నాలుగు సంగతులు రాతపూర్వకంగా ఒప్పించుకోండి: 63వ సెక్షన్ నమూనాలో నిపుణుడి భాగంతో సహా సర్టిఫికెట్ ఇవ్వడం, ప్రతి నిర్ధారణకూ కారణం రాయడం, విశ్లేషకుడు సాక్ష్యానికి రావడం, దించుకున్న రికార్డుల అసలు ప్రతులు అప్పగించడం. నెలల తరువాత, చెయిన్ మీద ఏమీ మిగలని దశలో ఇంత ఖర్చు పెట్టడం నేను సలహా ఇవ్వను. ఆపాటి దారి ఓపిక ఉన్న జూనియర్ న్యాయవాది ట్రాన్‌స్కాన్‌లో గీసి ఇవ్వగలడు.

ట్రేసింగ్ పనితనానికి ఐదుకు నాలుగున్నర, కోర్టుకు పనికొచ్చే తీరుకు ఒకటిన్నర ఇస్తాను. సవరించిన సర్టిఫికెట్ పోయిన వారం చేతికి వచ్చింది. ఈసారి హ్యాష్ విలువ ఉంది, సెక్షన్ సంఖ్య సరిగా ఉంది, నిపుణుడి సంతకం ఉంది. అయితే క్లస్టర్‌కు కారణాలు రాసిన పేజీ ఇంకా రాలేదు. వచ్చే వాయిదాలోపు పంపుతామన్నారు.